చదువుకోనిదానికి చెప్పిన మాట

మూడో ఇంటి బియ్యం సంచిలో పోసుకుని, మూతి బిగించి ముడివేసి, దేవమణి దాన్ని నెత్తికెత్తుకుంది. సంచి కింద పెట్టుకున్న గుడ్డచుట్ట ఒక పక్కకు జారితే మనవరాలు మెర్సీ సరిచేసింది.

నెలాఖరు శనివారం చీపురుపల్లి పేటలో ఆమె పని ఇది. బాప్టిస్టు సంఘం ఆడవాళ్ళు పొయ్యి మీద ఎసరు పెట్టినప్పుడల్లా, ఆ పూట వండుకునే బియ్యంలోంచి ఒక గుప్పెడు తీసి, ప్రార్థన చేసి, వేరే డబ్బాలో వేస్తారు. తమ తిండిలోంచి తగ్గించుకుని ఇచ్చిందే కానుక. అవన్నీ కూడగట్టి దేవమణి గుడికి చేరుస్తుంది. మిగతా రోజుల్లో గుడి ఊడుస్తుంది, రైసుమిల్లులో చెరిగే పని ఉంటే వెళుతుంది. నల్లగా, పొట్టిగా ఉంటుంది. చెరిగి చెరిగి కుడి భుజం కాస్త కిందికి వాలింది. ఆమె వస్తుంటే పేటలో ఎవరూ తలెత్తి చూడరు. డబ్బా మాత్రం తెచ్చి గుమ్మంలో పెడతారు.

ఇవాళ మనవరాలిని వెంటబెట్టుకు రావడానికి వేరే కారణం ఉంది. రేపు మెర్సీ నీళ్ళలో మునిగి బాప్తిస్మం తీసుకోవాలి. విజయనగరంలో డిగ్రీ చదువుతున్న ఆ పిల్ల నిన్నటి నుంచీ తీసుకోనంటోంది. కాలేజీకి ఎవరో వచ్చి మాట్లాడారట. ఒక సువార్తలో యెరికో దారిలో యేసు చూపిచ్చిన గుడ్డివాడు ఒక్కడే, మరో సువార్తలో ఇద్దరు. ఇంత చిన్న సంగతే కుదరని పుస్తకాన్ని ఎలా నమ్ముతారని అడిగి హాలంతా నవ్వించారట.

"మీ తాత రైలు పట్టాల మీద పడ్డప్పుడు లేపింది ఈశ్వరని నాను సెప్పాను," అంది దేవమణి నడుస్తూనే. "మీ నాన్న ఇద్దరని సెప్పాడు. ఈశ్వరు మన వీధోడు, ఆడి పేరు నోట్లో ఉన్నాది, సెప్పీసినాను. రెండోవోడు లేడన్నానేటి? మీ తాత పడ్డం అబద్దమా?"

"అది వేరు మామ్మా."

"ఏటి వేరు? సర్లే, ఎజ్రా మాస్టార్ని అడుగుదాం పద. నాకైతే నోరు సాలదు."

ఎజ్రా మాస్టారు సంఘ పెద్ద. హైస్కూల్లో రిటైరై ఇంటికొచ్చిన ఏడాదే దేవమణి భర్త పోయాడు. ఆ ఏడాదే ఆయన ఆమెకు అక్షరాలు నేర్పాడు. సాయంత్రాలు గుడి మెట్ల మీద కూర్చోబెట్టి, బైబిలు ఒళ్ళో పెట్టి, ఒక్కో మాటా కూడబలుక్కోమనేవాడు. ఆమె తనంతట తాను మొదట చదివింది ఆ గుడ్డివాడి కథే. చదివి, "ఇది నిజవేనా మాస్టారూ?" అని అడిగింది. "నిజమే దేవమణమ్మా," అన్నాడాయన. ఆ మాట పట్టుకునే ఇన్నేళ్ళూ బతికింది.

మాస్టారు వరండాలో పేపరు చదువుకుంటున్నాడు. మెర్సీ అడిగిందంతా విని, కళ్ళజోడు తీసి తుడుచుకున్నాడు. దేవమణి సంచి దించి గోడకు చేరబడింది. ఇక భయం లేదనుకుంది.

"దీనికి చాలామంది చాలా జవాబులు రాశారమ్మా. ఏదీ నాకు ఆనలేదు," అన్నాడు.

"అంటే మీరు నమ్మరా తాతగారూ?"

ఆయన వీధి వైపు చూశాడు. "ఉద్యోగంలో ఉండగానే నమ్మడం మానేశాను. పెద్దరికం ఉంది గనక గుడికి వెళతాను, ప్రార్థన చేయమంటే చేస్తాను. నువ్వు చదువుకున్న పిల్లవి. నీకు అబద్ధం చెప్పడం దేనికి?"

వీధిలో ఆటో ఒకటి వెళ్ళింది. దేవమణి గోడ వదిలి ముందుకొచ్చింది.

"నాకెందుకు సెప్పినారు మరి?" అంది దేవమణి.

"ఏమిటి దేవమణమ్మా?"

"అది సదువుకున్నాది, దానికి నిజం. నాను సదువుకోనిదాన్ని, నాకు అబద్దం సాలీసిందేటి?"

"అప్పుడు నీకేదో ఒక ఆసరా కావాల్సొచ్చింది..."

"ఆసరా అడగలేదు మాస్టారూ. నిజవేనా అని అడిగినాను."

ఇంతలో మాస్టారి కోడలు గ్లోరీ డబ్బా నిండా బియ్యం పట్టుకొచ్చింది. దేవమణి అలవాటు కొద్దీ, "పూటపూటా ఇన్ని తీసినావేటే అమ్మా," అంది.

"నాకేటి తీరిక మామ్మా!" గ్లోరీ నవ్వేసింది. "పొద్దున్నే రేషన్ సంచిలోంచి ముంచీసినాను. మావయ్యే అలగ సెయ్యమన్నారు. ప్రతి నెలా అంతే."

దేవమణి డబ్బా అందుకోలేదు. "ఉంచుకోండమ్మా. మీ ఇంట్లోనే వండుకోండి," అంది. కోపంగా అనలేదు. సంచి ఎత్తబోయింది. మెర్సీ సాయం పట్టింది.

ఇద్దరూ స్టేషను రోడ్డు మలుపు తిరిగారు. ముసలామె ముఖం చూడలేక మెర్సీయే ముందు నోరు విప్పింది.

"రేపు బాప్తిస్మం తీసుకుంటాన్లే మామ్మా. నీకోసం."

దేవమణి ఆగిపోయింది.

"వద్దు. ఆ మాస్టారూ నాకోసవే అబద్దమాడినాడు. నువ్వూ నాకోసవే మునుగుతావేటి? నిజవనిపిత్తే మునుగు. లేపోతే మానీ."

"నీకింకా నిజమనే ఉందా?"

"నేర్పినోడు ఆయన. రాసినోడు ఆయన కాడు గదే." కొంత దూరం నడిచాక మళ్ళీ అంది. "మెట్ల మీద అన్నాళ్ళు నా పక్కన కూకున్నాడే... ఆ మడిసెవడో తెలవడం లేదు."

మిగిలిన ఇళ్ళన్నీ తిరిగింది. ఎప్పుడూ లేనిది గుడి మెట్లు ఎక్కకుండా వెనక తలుపు నుంచి లోపలికి వెళ్ళి సంచి దింపింది. బెంచీలు తుడిచింది. సంఘ పెద్దల బెంచీ దగ్గర చెయ్యి ఆగింది. కాసేపు చూసి దాన్నీ తుడిచింది. ఇంటికొచ్చి గంజి తాగి, "కాసేపు నడుం వాలుస్తాను, పొద్దు వాలాక లేపే," అని చాప పరుచుకుంది.

మెర్సీ లేపినప్పుడు లేవలేదు.

మర్నాడు బాప్తిస్మాలు ఆగిపోయాయి. సంఘమంతా సమాధుల తోటకు వచ్చింది. పాస్టరుగారు ఎప్పటిలాగే వాక్యం చదవమని ఎజ్రా మాస్టారిని పిలిచారు. ఆయన షామియానా కింద కుర్చీలోంచి సగం లేచాడు.

"వద్దు తాతగారూ," అంది మెర్సీ. "మా మామ్మకి నేను చదువుతాను."

పాస్టరుగారి చేతిలోని బైబిలు తీసుకుని చదివింది. నడుమ ఒకచోట ఆగింది. ఆగినచోటి నుంచే మళ్ళీ చదివింది.

మట్టి వేయడానికి అందరూ ముందుకు జరిగినప్పుడు మాస్టారు ఎటు వెళ్ళిపోయాడో ఎవరూ గమనించలేదు. ఆయన కూర్చున్న ప్లాస్టిక్ కుర్చీలో నల్ల తోలు కవరు బైబిలు ఉండిపోయింది, వేసిన జిప్పు వేసినట్టే.