ఏ ఊరి మరవ?

ఎవరైనా అబద్ధమాడితే ఒకసారి ఆడతారు. నేను ఒకే అబద్ధాన్ని ఏడేళ్లు మోశాను, అదీ ముప్పై ఏళ్లు నాకు అన్నం పెట్టిన మనిషి దగ్గర. ఆయన కుళ్ళాయప్ప గారు, రెండుసార్లు హిందూపురం ఎంపీ, రెండోసారి మూడేళ్లు కేంద్రంలో సహాయమంత్రి. నేను ఆయన పీయేని, మల్లికార్జున. ఢిల్లీలో ఆయన పేరుతో పోయే ప్రతి కాగితం నా చేతి మీదుగానే పోయేది. దాంతో నాకు నెత్తికెక్కిన పొగరు అంతా ఇంతా కాదు.

మొన్న అక్టోబరులో ఒకరోజు పొద్దున్నే సారు ఫోన్ చేశారు. పక్షవాతం వచ్చాక ఆయన మాట కొంచెం ముద్దగా వస్తుంది కానీ ఆ రోజు గొంతులో హుషారు వినిపించింది.

"ఏమప్పా, యాడుండావు? గంగినాయనిపల్లి చెరువు నిండిందంట. మరవ పారుతాండాదని ఫోన్లో వీడియో వచ్చింది. కారు తీసుకోని రా. మన బ్రిడ్జి కింద నీళ్లు పారేది చూసొద్దాం."

అక్కడ బ్రిడ్జి లేదు. ఏనాడూ లేదు. కట్టామని ఆయనకు చెప్పింది నేను.

చెరువు నిండాక మిగిలిన నీళ్లు పొర్లిపోయే చోటును మా వైపు మరవ అంటాం. గంగినాయనిపల్లి మరవ నీళ్లు సరిగ్గా ఊరి దారికి అడ్డం పడి పారతాయి. పారినన్నాళ్లూ ఊరు ఆ గట్టున, పెనుకొండ ఈ గట్టున. తొమ్మిదేళ్ల కిందట మంత్రి హోదాలో సారు ఆ ఊరికి పోయినప్పుడు ఆరో తరగతి పిల్ల ఒకతె స్టేజీ ఎక్కి, నోటుబుక్కులోంచి చించిన కాగితం మీద రాసిన అర్జీ ఆయన చేతికిచ్చింది. చెరువు నిండితే ఊరు దాటలేమంట, మరవ మీద బ్రిడ్జి కావాలని అడిగింది. సారు మైకు పట్టుకుని, "మరవ సంగతి నేను మరవను తల్లీ," అన్నారు. జనం పగలబడి నవ్వి చప్పట్లు కొట్టారు.

కారెక్కగానే నాతో, "ఈ పొద్దే లెటర్ పెట్టప్పా," అన్నారు. పెట్టాను. 'పెనుకొండ మండలం, మరవ వద్ద బ్రిడ్జి నిర్మాణానికి ఎంపీ నిధుల నుంచి మంజూరు చేయవలసింది' అని రాశాను. ఊరి పేరు రాయలేదు. నాకు అప్పుడు మరవంటే ఆ మరవే, చెప్పులకు దాని దుమ్ము ఇంకా పోలేదు. ఈ లోకంలో ఇంకో మరవ ఉందన్న ఆలోచనే తట్టలేదు నా మొహానికి.

ఆ కాగితం చూడాల్సిన ఇంజనీరుది కోస్తా. వాళ్ల వైపు దీన్ని అలుగు అంటారట, మరవ అన్న మాట ఆయన పుట్టి బుద్ధెరిగి విని ఉండడు. నెల తర్వాత ఫైలు తిరిగొచ్చింది: 'మరవ అను గ్రామం పెనుకొండ మండలంలో లేదు. సరైన గ్రామం పేరు తెలుపగలరు.' ఆఫీసులో అందరం కడుపు పట్టుకుని నవ్వుకున్నాం. వచ్చినవాడికల్లా ఆ కాగితం చూపించి నవ్వించాను కూడా.

ఒక్క లైను దిద్ది పంపితే అయిపోయేది. పంపలేదు. ఆ చెరువు నిండి అప్పటికి పద్దెనిమిదేళ్లు, అందులో పిల్లలు క్రికెట్ ఆడుకునేవాళ్లు. ఎండిన చెరువుకు బ్రిడ్జి ఏం తొందరలే అనుకున్నాను. అదే వారం ధర్మవరం నాయకులు కళ్యాణ మండపం కోసం వచ్చి కూర్చున్నారు, వాళ్ల వెనక ఓట్లున్నాయి. ఆ ఏడాది నిధులు అటు పోయాయి. మళ్లీ ఏడాది చూద్దామనుకుని ఫైలు కింద అరలో పెట్టాను. మళ్లీ ఏడాది ఇంకేదో వచ్చింది.

ఒకరోజు సారు దారిలో నడుస్తూనే, "మరవ బ్రిడ్జి ఏమాయప్పా?" అని అడిగారు. "అయిపోయింది సార్," అన్నాను. ఎందుకన్నానో ఇప్పటికీ నాకు అర్థం కాదు. తిడతారని భయపడ్డానో, రేపే ఫైలు కదిలిద్దామనుకున్నానో. నోట్లోంచి మాట వచ్చేసింది, అంతే.

దాన్ని ఆయన తన పదవి ఆఖరి రోజుల్లో పార్లమెంటులో చెప్పారు. ఎన్ని కోట్లు తెచ్చారో, ఎన్ని రోడ్లు వేయించారో చదివాక కాగితం పక్కన పెట్టి, "మా పెనుకొండ దగ్గర మరవ మీద బ్రిడ్జి కావాలని ఒక చిన్న పిల్ల అడిగింది, కట్టించాను. నా పదేళ్లలో నాకు మిగిలింది అదే," అన్నారు. నేను పైన గ్యాలరీలో తల వంచుకుని కూర్చున్నాను. ఆ మాటలు సభ రికార్డులోకి ఎక్కాయి. తర్వాత ఎన్నికల్లో ఓడిపోయారు. విచిత్రమేమిటంటే, బ్రిడ్జి ఏదని ఆ ఊరి నుంచి ఒక్కరూ అడగడానికి రాలేదు. నా అదృష్టమనుకున్నాను, సిగ్గులేకుండా.

ఏదో పనుందని మధ్యాహ్నం దాకా జరిపాను. కారు నేనే నడిపాను. హిందూపురం దాటేలోపు మూడు వంకలు పెట్టాను. ఎండగా ఉంది, ఉమ్మడిగూడెం దారిలో బురద, డాక్టరు ఏమంటాడో. అసలు ఉమ్మడిగూడెం అనే ఊరే లేదు, తొందరలో నోటికొచ్చిన పేరు. సారు ఒక్కటీ చెవిన వేసుకోలేదు. దారిలో ఆయన పేరున్న బస్ షెల్టర్ దగ్గర ఆపాను. పెనుకొండలో కమ్యూనిటీ హాలు దగ్గర ఆపాను. శిలాఫలకం మీద ఆయన పేరు సగం సినిమా పోస్టరు కింద ఉంది.

"పోనీ ధర్మవరం పోదామా సార్? కళ్యాణ మండపంలో ఈ పొద్దు పెళ్లుంటాదేమో," అన్నాను.

"ఇట్లాంటివి అందురూ కట్టిస్తారప్పా. నాకు బ్రిడ్జి చూపించు."

హాలు ఎదురుగా టీ తాగుతూ చెప్పేద్దామనుకున్నాను. "సార్," అన్నాను. ఆయన తల తిప్పి చూశారు. ఎడమచేత్తో గ్లాసు పట్టుకోవడం ఇంకా అలవాటు కాక చొక్కా మీద టీ ఒలికింది. తుడిచాను. అంతే, చెప్పలేకపోయాను.

సాయంత్రం అయిదున్నరకు తారు రోడ్డు నీళ్లలోకి దిగిపోయిన చోట కారు ఆపాను. మోకాళ్ల పైదాకా ఎర్రనీళ్లు దారికి అడ్డంగా పారుతున్నాయి. అవతల ఊరి ఇళ్లు కనిపిస్తున్నాయి. సారు కర్ర పట్టుకుని దిగి అటూ ఇటూ చూశారు.

"బ్రిడ్జి యాడప్పా?"

హిందూపురం గార్మెంట్ ఫ్యాక్టరీ బస్సు దిగి వచ్చిన అమ్మాయి ఒకతె చెప్పులు చేతిలో పట్టుకుని, నీళ్లలోకి దిగబోతూ ఆగింది. సారు ఆమెనే అడిగారు.

"ఏమ్మా, మరవ బ్రిడ్జి యాడుండాది?"

ఆమె ఆయన్ని తేరిపార చూసింది. "కుళ్ళాయప్ప సార్ కదా మీరు? నేను ప్రేమలతను సార్. సుంకమ్మ కూతుర్ని. చిన్నప్పుడు మీకు అర్జీ ఇచ్చింది నేనే."

సారు ముఖం వెలిగిపోయింది. "నువ్వేనా తల్లీ! ఎంత పెద్దదానివైతివి. మరి మన బ్రిడ్జి?"

"ఈడ లేదు సార్. మీరు కట్టిచ్చింది వేరే ఊర్లో కదా."

"వేరే ఊర్లోనా? ఎవరు చెప్పినారు నీకు?"

"మీరే సార్, టీవీలో. పార్లమెంటులో మాట్లాడితిరే, ఊరంతా చూసినాం. మరవ మీద బ్రిడ్జి కట్టిస్తినంటిరి. చెరువున్న ప్రతి ఊర్లో మరవ ఉంటాది కదా సార్. ఇంకే ఊరి పిల్లో అడిగింటాదిలే అనుకుంటిమి. మా అమ్మయితే, పోనీలే, ఎవురో ఒకరు బాగుపడినారు అనె."

అందుకా ఎవరూ రానిది. నేను రాయని ఊరి పేరు మా ఫైలునే కాదు, వాళ్ల నోటినీ మూసేసింది.

"చదువుకున్నావా అమ్మా?" సారు గొంతు తగ్గింది.

"ఇంటర్ దాకా సార్. రెండో సంవత్సరంలో మరవ నలభై రోజులు పారింది. ప్రాక్టికల్సుకు పోలేకపోతి. మళ్ల పరీక్ష ఫీజు కట్టలేదు." ఆమె అదేదో వాన సంగతి చెప్పినట్టు చెప్పింది. ఏడ్చినా, తిట్టినా నాకు అంత బాధయ్యేది కాదు.

అప్పుడు చెప్పాను. ఆ పిల్ల ముందే, అంతా చెప్పాను. ఊరి పేరు రాయకపోవడం, ఫైలు వెనక్కి రావడం, మేం నవ్వుకోవడం, కింద అర, అయిపోయింది సార్ అన్న ముక్క. సారు నా వైపు చూడలేదు. నీళ్ల వైపు చూస్తూ నిలబడ్డారు. "సభలో చెప్పినా కదప్పా నేను. అది ఎవురూ కొట్టేయరే," అన్నారు.

నేను కాళ్ల మీద పడబోతే కర్రతో పక్కకు నెట్టారు. "లెయ్. కాగితం తియ్. అర్జీ రాయి."

కారు బానెట్ మీద పెట్టి రాశాను. సారు ఎడమచేత్తో వంకరటింకరగా సంతకం చేసి, అలవాటు కొద్దీ కింద 'మంత్రి' అని మొదలుపెట్టి, ఆగి, కొట్టేశారు. తర్వాత కాగితం ప్రేమలతకిచ్చి సంతకం పెట్టమన్నారు. ఆమె పెన్ను పట్టుకుని నన్ను చూసింది.

"ఈసారి ఊరి పేరు రాసినారా సార్?"

"మొదటి లైనులోనే రాశానమ్మా," అన్నాను. ఆమె ఆ లైను వేలు పెట్టి చదువుకున్నాకే సంతకం చేసింది. తర్వాత చుడీదార్ పైకి పట్టుకుని నీళ్లలోకి దిగింది. ఆమె అవతలి గట్టు ఎక్కేదాకా సారు అక్కడే నిలబడ్డారు.

హిందూపురంలో ఇంటి ముందు కారు దిగాక చెయ్యి చాపితే అర్జీ ఇచ్చాను. మడిచి జేబులో పెట్టుకున్నారు.

"సోమవారం పుట్టపర్తిలో కలెక్టరుకు ఇచ్చేదానికి నేను పోతా," అన్నారు. "నువ్వు రావద్దులేప్పా."