పదిహేడో కాగితం దగ్గర నవ్వు

ఆదివారం పొద్దున్న పదింటికల్లా మిసెస్ టాప్‌స్కాట్ తడిగుడ్డ పట్టుకుని కుర్చీలు తుడవడం మొదలుపెట్టేది. లండన్లో అదొక పాత నాటకశాల. యుద్ధం అయ్యాక రేడియోవాళ్ళు తీసుకుని, ఆదివారం సాయంత్రం హాస్య కార్యక్రమం అక్కణ్ణించే నేరుగా ప్రసారం చేసేవాళ్ళు. చక్కెరకి ఇంకా రేషనే. నవ్వుకి రేషన్ లేదు.

ఆవిడ కింద తుడుస్తుంటే, పైన వేదిక మీద నటులు సాయంత్రం చెప్పాల్సిన మాటలు చదువుకునేవాళ్ళు. సాయంత్రం జనం ఎక్కడ నవ్వబోతారో అక్కడ ఆవిడకి పొద్దున్నే నవ్వొచ్చేది. వాళ్ళు ఎంతసేపు నవ్వుతారో ఈవిడా అంతసేపే. కార్యక్రమం నడిపే హార్‌బాటిల్ గారు చేతిలో గడియారం పెట్టుకుని ఆ నవ్వు ఎన్ని సెకన్లో కాగితం అంచున రాసుకునేవాడు. ఆవిడ నవ్వనిచోట మాట కొట్టేసేవాడు. వెనకాలే వార్తలు కాచుకుని ఉంటాయి మరి, అరగంటకి అర సెకను దాటినా ఒప్పుకోరు. సాయంత్రం మాత్రం ఆవిడ మూడో వరసలో కూర్చుని మేజోళ్ళు అల్లుకునేది. ఆవిడ నవ్వడం పొద్దున్నే అయిపోయింది కదా.

కార్యక్రమంలో వినిపించే చప్పుళ్ళన్నీ ఆల్వెన్ అనే అమ్మాయి చేసేది. అడుగుల చప్పుడుకి పళ్ళెంలో కంకర, గంట, గుర్రపు డెక్కలకి రెండు కొబ్బరిచిప్పలు, చట్రంలో నిలబెట్టిన తలుపొకటి. దానికి ముందూ వెనకా ఇల్లు లేదు. అయినా ఆల్వెన్ దాన్ని తీసిందంటే, రేడియో వింటున్న ఇళ్ళల్లో వాళ్ళు తమ వాకిలి వైపు చూసేవాళ్ళు.

ఆ తలుపులోంచి వచ్చేది ఎప్పుడూ పెర్సీ లమ్లీయే. అరవై దాటినవాడు. ఒక వారం పోస్ట్‌మాన్, ఒక వారం డాక్టరు, ఎవరైనా సరే ఒక్క వాక్యం. ఆరేళ్ళుగా అంతే. వేదిక వెనక గోడకి కోట్లు తగిలించుకునే మేకులుండేవి, ఒక్కో మేకు కింద ఒక్కొక్కరి పేరు. పెర్సీది ఖాయమైన ఉద్యోగం కాదు, వారం వారం పిలిస్తే వచ్చేవాడు గనక ఆయనకి మేకు లేదు. కోటు మడిచి ఒళ్ళో పెట్టుకునేవాడు.

ఆ ఆదివారం ఆయన టీ తాగుతూ ఆల్వెన్‌కి ఒక ఉత్తరం చూపించాడు.

"ఇవాళ్టితో సరి తల్లీ. వచ్చేవారం నించి రావక్కర్లేదట."

"హార్‌బాటిల్ గారితో అన్నారా?"

"ఆయన చేతిలో ఏముందమ్మా, పైవాళ్ళ సంతకం. ఇంట్లో ఊరికే కూర్చోవాలంటేనే భయం. నాకు ఆదివారం తప్ప వారంలో ఇంకో రోజు లేదు."

ఆల్వెన్ తన బన్నులో సగం తుంపి ఆయన సాసర్లో పెట్టింది.

చదవడం మొదలైంది. పదిహేడో కాగితం దగ్గర ఆల్వెన్ తలుపు తీసింది. అందులోంచి పెర్సీ గ్యాస్ మీటరు చూసే మనిషిగా రావాలి. ఆయన ఇంకా నోరు తెరవనే లేదు, కింద మిసెస్ టాప్‌స్కాట్ నవ్వడం మొదలుపెట్టింది. ఆపలేకపోయింది. కుర్చీలో కూలబడి, తుడుస్తున్న గుడ్డతోనే కళ్ళు తుడుచుకుంది.

"నలభై సెకన్లు," అన్నాడు హార్‌బాటిల్.

"దేనికి? తలుపు తీసినందుకా?" అన్నాడు రెజ్ టఫ్నెల్. కార్యక్రమం ఆయన పేరు మీదే నడిచేది.

"నా మొహం చూసేమో," అన్నాడు పెర్సీ.

"రేడియోలో మొహమేంటి పెద్దాయనా, నీ మొహం."

"ఏమోనయ్యా, నలభై సెకన్లు ఖాళీ ఉంచాలి," అని హార్‌బాటిల్ రెజ్ మాటలు రెండు కొట్టేశాడు. 

సాయంత్రం హాలు నిండింది. ప్రసారం మొదలైందని ఎర్రదీపం వెలిగింది. మైకు దగ్గర కాగితం గరగరలాడితే దేశమంతా వినిపిస్తుంది, అందుకని చదివేసిన కాగితం చదివేసినట్టు చప్పుడు కాకుండా కింద తివాచీ మీదికి జారవిడవడం అక్కడి పద్ధతి. పెర్సీ పదహారో కాగితం వదిలాడు, దాంతోపాటే పదిహేడోదీ పోయింది. ఆయన వాక్యం దాని మీదే ఉంది.

ఆల్వెన్ తలుపు తీసింది.

పెర్సీ కిందికి చూశాడు. తివాచీ నిండా కాగితాలు, అన్నీ ఒక్కలాగే ఉన్నాయి. ఆరేళ్ళలో చెప్పిన వాక్యాలన్నీ గుర్తొచ్చాయి, ఇవాళ్టిది తప్ప. రేడియోలో మూడు సెకన్లు ఊరుకుంటే ఎవరో ఒకరు అందుకుని ముందుకి పోతారు. రెజ్ నోరు తెరిచాడు. అద్దాల గదిలోంచి హార్‌బాటిల్ చెయ్యెత్తి, ఆగమన్నాడు. నలభై సెకన్లున్నాయి.

పెర్సీ టోపీ తీశాడు.

"క్షమించాలండీ," అన్నాడు గ్యాస్ కంపెనీవాడిలా వినయంగా. "నేను వచ్చేశాను గానీ, నా మాటలు ఇంకా దారిలో ఉన్నాయి."

రెజ్ ఒక్క క్షణం ఆయన్ని చూశాడు. "వాటికి దారి తెలుసా?"

"తెలుసండీ. ఆరేళ్ళుగా వారానికొకటి చొప్పున వస్తున్నాయి."

ఆ నవ్వుకి వేదిక చెక్కలు అదిరాయి. వెనక వరసవాళ్ళు లేచి నిలబడ్డారు. రెజ్ మైకు స్తంభం పట్టుకుని వంగిపోయాడు. ఆల్వెన్ చేతిలో తలుపు పిడి వణికింది. మూడో వరసలో మిసెస్ టాప్‌స్కాట్ ఒక్కతే తలెత్తకుండా కుట్లు లెక్కపెట్టుకుంటోంది.

సరిగ్గా నలభై సెకన్లు. వార్తలు వేళకే వచ్చాయి.

బుధవారానికల్లా జనం ఉత్తరాలు రెండు సంచులు వచ్చాయి. గ్యాస్ ఆయనకి మాటలు చేరాయా లేదా అని ఒకటే అడగడం. ఒకావిడ, మా ఇంటికి వచ్చాయేమో అని వెతికాను, లేవండీ అని రాసింది. పైవాళ్ళు పెర్సీని ఉంచుకుంటూ ఇంకో ఉత్తరం మీద సంతకం పెట్టారు.

ఆ తర్వాతి ఆదివారం పెర్సీ వచ్చేసరికి గోడకి కొత్త మేకుంది. కింద ఆల్వెన్ అక్షరాలతో ఆయన పేరు. ఆయన కోటు విప్పాడు, మడవబోయి ఆగి, మేకుకి తగిలించాడు. జారిపోతుందేమోనని కాసేపు చెయ్యి దాని మీదే ఉంచాడు.

అప్పుడే హాల్లోంచి మిసెస్ టాప్‌స్కాట్ పకపకా నవ్వడం వినిపించింది.

"ఇంకా చదవడమే మొదలుపెట్టలేదే," అన్నాడు పెర్సీ. "ఏ కాగితం దగ్గరమ్మా అది?"

ఆల్వెన్ కాగితాల కట్ట తిరగేసి చూసింది. ఆయన పేరున్న చోటల్లా పక్కన మాటలు రాయకుండా ఖాళీగా వదిలేశారు.

"ఇంకా రాయలేదండీ," అంది, పెన్సిల్ అందుకుని ఆ నవ్వు సెకన్లు లెక్కపెడుతూ.