ఖాళీ గడిలో సున్నా

మల్కాజ్‌గిరిలో పొద్దున లేవగానే ఫోన్‌లో గాలి కాలుష్యం నంబరు చూసుకునే ఇల్లు ఒకటుంది. ఆ నంబరు మనమూ చూస్తాం, నిట్టూరుస్తాం, బండి స్టార్ట్ చేస్తాం. రైల్వేలో వెల్డర్‌గా పనిచేసి రిటైరైన రాఘవేందర్‌కు మాత్రం అలా కుదరదు. ఆయనకు ఆస్తమా.

కూతురు అనుపమ బేగంపేటలో డేటా ఉద్యోగి. తండ్రి ఊపిరికి కూడా ఎక్సెల్ షీటే వేసింది. ఒకవైపు మల్కాజ్‌గిరి, పక్కన ఏడువేల అడుగుల ఎత్తున్న ఒక కొండ ఊరు. దుమ్ముకో గడి, ఓజోన్‌కో గడి. సగటు తీస్తే ఇక్కడ నూట నలభై, అక్కడ ముప్పై. ఇంకేం, ఏప్రిల్‌లో నెలకు గది తీసుకుని తండ్రిని వెంటబెట్టుకుని కొండెక్కింది.

మూడు రోజులు బాగానే గడిచాయి. నాలుగో రోజు మధ్యాహ్నం ఆకాశం కడిగినట్టుంది. కూతురి తెలివిని మెచ్చుకుంటూ నడకకు వెళ్లిన మనిషి పావుగంటలో తిరిగొచ్చి, గేటు పట్టుకుని కూలబడ్డాడు. ఇన్‌హేలర్ పనిచేయలేదు. ఆసుపత్రిలో నెబులైజర్ పెట్టాకే ఊపిరి అందింది.

అనుపమ మారేడ్‌పల్లిలోని తమ డాక్టరు దేవానందానికి ఫోన్ చేసి, ఇక్కడ గాలి ముప్పయ్యేనని వాదించింది. ఆ ముప్పైలో ఓజోన్ కలిసిందా అని ఆయన అడిగాడు. షీటు తెరిచి చూసింది. అక్కడి మిషన్ దుమ్మునే కొలుస్తుంది. ఓజోన్ గడులు ఖాళీగా వస్తే, ఆఫీసు అలవాటు కొద్దీ తనే సున్నాలు నింపింది; సగటు అందుకే అంత తగ్గింది.

“కింద బండ్ల పొగకు ఎండ తగిలితే ఓజోన్ అయితదమ్మా, ఆస్తమా ఉన్నోళ్లకు అది విషమే. గాలి దాన్ని పైకి మోస్తది. సిటీల రాత్రిపూట ఆ పొగే దాన్ని జెర తినేస్తది. కొండమీద తినేటందుకు ఏముండదు, అట్లనే నిలుస్తది.”

“అయితే వాపస్ తీసుకురావాల్నా సార్?”

“ఇక్కడ పొగ ఉన్నది కదా.” అక్కడే ఉంచి, మధ్యాహ్నాలు మాత్రం బయటికి పంపవద్దన్నాడు.

“మూడో ఊరేదన్న ఉందా బిడ్డా నీ కంప్యూటర్ల?” అని రాఘవేందర్ నవ్వబోయాడు. దగ్గొచ్చింది. అనుపమ షీటులోని ఆ సున్నాలు చెరిపేసింది.

మర్నాటి నుంచి, కొండగాలి కోసం అంత ఎత్తు ఎక్కిన మనిషి కిటికీలు మూసుకుని లోపలే కూర్చున్నాడు.

కొలవని గాలిని మంచి గాలి అనుకోకండి. మనం వదిలే పొగ మనకంటే ముందే కొండెక్కుతోంది; దాన్ని కిందే ఆపకపోతే, ఊపిరి కోసం పారిపోవడానికి ఏ ఊరూ మిగలదు.