మఖమలు చేతుల కోటు

లండన్‌లో ఆల్డ్‌గేట్ కోటవాకిలి దగ్గర, ఆ ఆదివారం పొద్దున, కొవ్వొత్తులు చేసే గ్రెగరీని కాపలావాళ్లు ఆపారు. ఆయన ముతక ఉన్నికోటుకు నల్లటి మఖమలు చేతులున్నాయి. మఖమలు పెద్దింటివాళ్లకే గాని చేతిపనివాళ్లకు తగదని రాణిగారి ఆజ్ఞ.

"ఏం ప్రభువుగారూ, ఏ కోటనుంచి వేంచేశారో!" అంటూ ఒకడు చెయ్యి పట్టి లాగాడు. "వేషం చూస్తే జమీందారు, వాసన చూస్తే గొర్రెకొవ్వు!"

జనం పగలబడి నవ్వారు.

ఆ జనంలోనే, అవెరిల్ దొరసాని వెనక, ఆవిడ ప్రార్థన పుస్తకం మోస్తూ ఎమ్మట్ నిలబడి ఉంది. గ్రెగరీ కూతురు. దొరసాని ఇచ్చేసిన పాత గౌను కత్తిరించి ఆ చేతులు కుట్టింది తనే. "మనకెందుకే ఇవి, అమ్మడూ?" అని ఆయన వద్దంటే, "నా కోసం ఒక్కసారి తొడుక్కో నాన్నా" అని బతిమాలిందీ తనే. కానీ దొరసాని ఇంట్లో తన తండ్రి బట్టల వర్తకుడని చెప్పుకుంది.

"ఎక్కడ కొట్టేశావురా?" అన్నాడు కాపలావాడు.

గ్రెగరీ తలెత్తాడు. చూపు కూతురి మీద పడింది.

"నీకేసే చూస్తున్నాడే. ఎరుగుదువా?" అంది దొరసాని.

"లేదమ్మగారూ."

ఆ మాట గ్రెగరీ చెవిన పడింది. వెంటనే చూపు తిప్పుకున్నాడు. "పాతబట్టల సంతలో కొన్నానయ్యా. తప్పు నాదే" అన్నాడు.

కత్తెర పట్టుకొచ్చి ఆ మఖమలు చేతులను భుజాల దగ్గరికి కోసేశారు. చిరుగుల చొక్కా చేతులు బయటపడ్డాయి. ఈలల మధ్య ఆయన తలవంచుకుని వెళ్లిపోయాడు.

దారిలో దొరసాని మెల్లగా అంది: "అది నా గౌను గుడ్డేనని చూడగానే పోల్చుకున్నాను. ఆ మనిషి ఎవరో కూడా తెలిసిపోయింది. నువ్వు నోరు విప్పుతావని చూశాను. నేనిచ్చిందేనని చెప్పి విడిపించేదాన్ని కదే."

ఎమ్మట్‌కు భూమిలో కూరుకుపోవాలనిపించింది.

సాయంత్రం ఇంటికి వెళ్లింది. నాలుగు తిట్లు తింటే గుండెబరువు తగ్గుతుందనుకుంది. గ్రెగరీ పొయ్యి దగ్గర జరిగి చోటిచ్చాడు.

"దొరసానికి అనుమానం రాలేదు కదా? నీ కొలువుకేం ఫరవాలేదు కదా?" అన్నాడు.

ఎమ్మట్ ముఖం ఎత్తలేకపోయింది. ఆయన రొట్టె విరిచి పెద్దముక్క ఆమె చేతిలో పెట్టాడు. అది నోటిదాకా వెళ్లలేదు.