బండమీది ఉడుకునీళ్లు

నార్సింగిలో సగం మందికి బొడ్డు కోసిన మంత్రసాని రుక్కమ్మ. ఆ చేతులకు ఏమీ కాలేదు గానీ మోకాళ్లు మొండికేశాయి. గొంతుకూర్చుంటే లేవలేదు. పెద్ద మనవరాలు కనకలక్ష్మి తొలి కాన్పుకు పుట్టింటికి వచ్చి ఉంది. ఊళ్లో వేరే మంత్రసాని లేదు. నెల తిరిగేలోగా ఆ మోకాళ్లు వంగాలి.

చుట్టపుచూపుగా వచ్చిన బుచ్చమ్మ ఒక సంగతి చెప్పింది. భద్రాచలం దగ్గర గోదావరి ఇసుకలో గుంట తవ్వితే ఉడుకునీళ్లు ఊరుతాయట. అందులో కాళ్లు పెట్టి కూర్చుంటే తన కీళ్లు సడలాయట. నిప్పు తగలని వేడి గనుకే అంత బలమని కూడా చెప్పింది. అంతదూరం పోదామంటే దారంతా రజాకార్ల గడబిడ. చివరికి రుక్కమ్మే ఉపాయం కనిపెట్టింది. ఊరి వెనక గుట్టమీద, నల్లబండలో తొట్టిలాంటి గుంట ఉంది. పొద్దున నీళ్లు పోస్తే మధ్యాహ్నానికి ఎండకే కాగుతాయి.

నీళ్లు మోసే పని చిన్న మనవరాలు సత్తెమ్మ మీద పడింది. పద్నాలుగేళ్ల పిల్ల, మాట తక్కువ. రోజూ రుక్కమ్మ కర్ర పట్టుకుని గుట్ట ఎక్కేది, చీర మోకాళ్ల పైకి మడిచి గుంటలో కాళ్లు చాపేది. పదిహేను రోజులకు నొప్పి కాస్త సడలింది.

అంతలో మృగశిర మబ్బులు కమ్మాయి. నీళ్లు వేడెక్కలేదు. నాయినమ్మ మొహం చూడలేక సత్తెమ్మ పొయ్యిమీద నీళ్లు కాచి, బిందె మీద విస్తరాకు మూసి, ముందుగా పోయి గుంటలో పోసింది. అలా మూడు రోజులు. మూడోనాడు రుక్కమ్మ కర్ర లేకుండా లేచి నిలబడింది. మబ్బులున్నా సూర్యుడు తనను మరువలేదని ఆమె వాడంతా చెప్పుకు తిరిగింది. సత్తెమ్మకు తల తిరిగింది. పొయ్యి నీళ్లకు బలం లేకపోతే నాయినమ్మ ఎట్లా లేచింది? ఉంటే ఇన్నాళ్లూ గుట్ట ఎక్కడం దేనికి? ఎవరిని అడగాలో తెలియలేదు.

నాలుగోనాడు కుండపోత. గుట్ట ఎక్కే వీల్లేదు, పొయ్యి నీళ్లు ముసలమ్మ వద్దంది. మధ్యాహ్నానికి కనకలక్ష్మికి నొప్పులు మొదలయ్యాయి. రుక్కమ్మ గుంజ పట్టుకుని వంగబోయి ఆగిపోయింది.

"నాతోని కాదు. ఇయ్యాల బండనీళ్లు లేవు."

లోపల అక్క మూలుగుతోంది. సత్తెమ్మకు ఇక నోరు విప్పక తప్పలేదు.

"నాయినమ్మా, ఆ మూడు దినాలు పొయ్యిమీది నీళ్లే. నేనే కాగబెట్టి పోసిన."

ముసలమ్మ కళ్లార్పకుండా చూసింది. "కర్ర లేకుంట లేచిన దినం గూడనా?"

సత్తెమ్మ తలూపింది.

"మరి ఎండ ఏం జేసింది?"

సత్తెమ్మ చూపు పొయ్యి వైపు పోయింది.

"దొంగపిల్ల. పో, జర నీళ్లు కాగబెట్టు. నాకో బిందె, అక్కకో బిందె."

మోకాళ్ల మీద ఉడుకునీళ్లు గుమ్మరించుకుని, పళ్లు బిగబట్టి, రుక్కమ్మ లోపల గొంతుకూర్చుంది. పొద్దు వాలకముందే పసికందు ఏడుపు వినిపించింది. ఆ వెంటనే లేపమంటూ నాయినమ్మ కేక.

సత్తెమ్మ చంకల కింద చేతులు వేసి లేపింది.

"వంగుడు వచ్చింది, లేసుడు రాలే. పొయ్యి నీళ్లది సగం బలమే, బిడ్డా," అంది రుక్కమ్మ.

మొన్న లేచింది కూడా ఆ నీళ్లతోనే కదా అని సత్తెమ్మకు అనాలనిపించింది. ఆ మాట అంటే నాయినమ్మ మోకాళ్లు ఏమంటాయో తెలియక ఊరుకుంది.