అక్క ఫైలు

అమ్మను పొట్టనపెట్టుకున్న క్యాన్సర్ మాకూ వస్తుందేమో తెలుసుకుందామని అక్కా నేనూ రక్తం ఇచ్చాం. జన్యువుల్ని కంప్యూటర్లో చదవడమే నా ఉద్యోగం కాబట్టి మా ఫైళ్ళూ నేనే చూశాను. అమ్మకు ఒక జన్యువులో ఒక్క డీఎన్ఏ అక్షరం మారి ఉండేది, క్యాన్సర్ తెచ్చింది అదే. అక్కకూ అదే మారింది, నాకు మారలేదు. నమ్మలేక ప్రోగ్రాం మూడుసార్లు నడిపాను. మూడుసార్లూ అదే జవాబు.

మధ్యాహ్నం అక్క ఫోన్ చేసింది.

"ఏమే, నీ కంప్యూటర్ జోస్యం ఏం చెప్పింది?"

"నీకుందక్కా."

"మరి నీకో?"

"లేదు."

"హమ్మయ్య!" అని అక్క నిజంగానే ఊపిరి పీల్చుకుంది.

నాకు ఏడుపు రాలేదు. అక్కకు సోమవారం డాక్టరు అపాయింట్‌మెంట్ తీసుకుని, చల్లారిన టీ తాగి, ఇంకో ఇంటివాళ్ళ ఫైలు తెరిచాను.