కొత్త డ్రైవుకు పాత మూతి

మా ల్యాప్‌టాప్‌లో డిస్కులు రాసే డ్రైవు ఊళ్లో పెళ్లిళ్లన్నీ రాసి రాసి చచ్చిపోయింది. ఆ ల్యాప్‌టాప్ కంపెనీ డ్రైవే కొనాలంటే మా తాహతు చాలదు. అందుకని మా అచ్చాయన్ ఎర్నాకుళం పోయి ఇంకేదో కంపెనీది చవగ్గా పట్టుకొచ్చి బిగించాడు. అచ్చాయన్ అంటే మా ఆయన. అసలు పేరు పోతన్, కానీ మా కోళంచేరిలో మొగుణ్ణి పేరు పెట్టి పిలిస్తే అత్తలు ఊరుకోరు.

కెమెరా ఆయనది, కత్తిరించి అతికించి డిస్కు చేసే పని నాది. నిజం చెప్పాలంటే మా స్టూడియోకు పెళ్లిళ్ల కంటే చావులే ఎక్కువ అన్నం పెడతాయి. ఇక్కడ ఇంటికో నర్సు గల్ఫులో ఉంటుంది. సెలవు దొరకని పిల్లకు సమాధి వీడియో డిస్కే దిక్కు.

ఆ వారం పోయింది ఏలియామ్మ. కూతురు లిస్సీ కువైట్‌లో నర్సు. సమాధి చేసిన మర్నాడు పొద్దున్నే ఫోన్ చేసింది. నన్ను చేచ్చీ అంటుంది, అంటే అక్క.

"సోసా చేచ్చీ, నా ఫ్రెండు ఈ సాయంత్రం విమానం ఎక్కుతోంది. మధ్యాహ్నం మీ దగ్గరికొచ్చి డిస్కు తీసుకుంటుంది. మా హాస్టల్ హాల్లో ప్లేయరుంది. కంప్యూటర్ ఎవరి దగ్గరా లేదు, ప్లేయర్లో ఆడేదే ఇవ్వు."

"అలాగేనమ్మా."

"ముద్దు పెట్టే చోట ఏమీ కత్తిరించకు చేచ్చీ."

ముఖం మీద గుడ్డ కప్పే ముందు ఇంటివాళ్లంతా వరసగా వచ్చి కడసారి ముద్దు పెడతారు. ఆ వరసలో లిస్సీ ఒక్కతే లేదు. నేను ఒక్క క్షణం కూడా కత్తిరించలేదు.

అంతా సిద్ధం చేసి డిస్కు పెట్టి మీట నొక్కితే, ఈ డ్రైవుతో పని చేయనని ప్రోగ్రాం మొండికేసింది. డ్రైవులో లోపం లేదు, పాటలు రాస్తోంది, ఫోటోలు రాస్తోంది. కానీ వీడియో డిస్కు చేసే ప్రోగ్రాం ల్యాప్‌టాప్‌తో పాటు వచ్చింది, దానికి వాళ్ల కంపెనీ బిగించిన డ్రైవు తప్ప ఇంకోటి గిట్టదు. పక్క ఊరి స్టూడియోలో రాయిద్దామంటే నేను కట్టిన వీడియోను వాళ్ల కంప్యూటర్ తెరవనే తెరవదు. మళ్లీ మొదటి నుంచీ కట్టాలంటే విమానం వెళ్లిపోతుంది.

"ఉండవే, నేను చూస్తా" అని అచ్చాయన్ స్క్రూడ్రైవర్ అందుకున్నాడు. చచ్చిపోయిన డ్రైవు ముందుండే ప్లాస్టిక్ మూతిని ఊడదీసి, కొత్తదానికి తగిలించాడు. "ఇప్పుడు చూడు, అచ్చం పాతదే. గుర్తుపట్టి ఊరుకుంటుంది."

"చచ్చిన పెళ్లికొడుకు కోటు ఇంకొకడికి తొడిగితే పెళ్లికూతురు ఒప్పుకుంటుందా?" అన్నాను ఒళ్లు మండి. ప్రోగ్రామూ ఒప్పుకోలేదు.

అప్పుడు ఫోను లైనుకు ఇంటర్నెట్ తగిలించి, తెర మీద వచ్చిన మాటలే ఉన్నదున్నట్టు కొట్టి వెతికాను. ఏదో దేశంలో జ్దెన్యెక్ అనే ఆయన పేజీ దొరికింది. ఆయనకూ ఇదే గతి పట్టిందట. ప్రోగ్రాం డ్రైవును నువ్వెవరింటి దానివని అడుగుతుందనీ, ఆ ప్రశ్న మాన్పించే చిన్న ఫైలు తాను రాశాననీ, ఎవరైనా ఉచితంగా తీసుకోవచ్చనీ వచ్చీరాని ఇంగ్లీషులో పెట్టాడు. కింద రెండు ముక్కలు. చెడిపోతే నా పూచీ లేదు. పనిచేస్తే మీ డ్రైవు పేరు రాసి పంపండి, ఇంకొకరికి పనికొస్తుంది.

"వద్దే సోసా! ముక్కూ ముఖం తెలీనివాడు. ఇది పాడైతే మన నోట్లో మట్టే" అన్నాడు అచ్చాయన్.

"లిస్సీకి ఫోన్ చేసి ఆ మాట మీరు చెప్పండి."

ఆయన ఫోను వైపు చూశాడు. తర్వాత నా కుర్చీ వెనక వచ్చి నిలబడి, "కానియ్" అన్నాడు.

మాతా అని తలుచుకుని ఫైలు వేశాను. మీట నొక్కాను. డ్రైవు ఒకసారి మూలిగి, గిర్రున తిరగడం మొదలుపెట్టింది. నాకు ఏడుపొచ్చింది. లిస్సీ స్నేహితురాలు వచ్చేసరికి డిస్కు ఇంకా వెచ్చగానే ఉంది.

ఆ ఆదివారం లిస్సీ ఫోన్ చేసింది.

"హాల్లో అందరం కూర్చుని చూశాం చేచ్చీ. ముద్దు దగ్గర ఆపేసి, నేను వెళ్లి టీవీ అద్దం మీద అమ్మకు పెట్టాను. వెనక్కి తిరిగితే అందరూ లేచి వరస కట్టారు. నా తర్వాత ఒక్కొక్కళ్లే వచ్చి పెట్టారు. మా అమ్మను వాళ్లెవరూ ఎరగరు. వాళ్ల అమ్మలు పోయినప్పుడు వాళ్లూ వెళ్లలేదు, అందుకని." ఆపైన, "నీ రుణం తీర్చుకోలేను చేచ్చీ" అంది.

"నాది కాదమ్మా, ఇంకొకాయనది" అన్నాను.

అప్పటిదాకా నా ఇంగ్లీషుకు సిగ్గుపడి ఆ జ్దెన్యెక్‌కు ఏమీ రాయలేదు. ఫోన్ పెట్టేసి రాయడానికి కూర్చున్నాను. ఏలియామ్మ గురించి, అద్దం గురించి, వరస గురించి, తప్పో ఒప్పో అంతా రాశాను. రెండో రోజు జవాబొచ్చింది. "మీ ఉత్తరం రెండుసార్లు చదివాను. మా ఆవిడకూ చదివి వినిపించాను. కానీ అమ్మా, మీరు డ్రైవు పేరు రాయలేదు."

అచ్చాయన్ పడీ పడీ నవ్వి, డ్రైవు బయటికి లాగి, పేరు చదివి చెప్పాడు. పంపాను.

ఆ సాయంత్రం ప్రార్థనలో పోయినవాళ్ల పేర్లు, మేలు చేసినవాళ్ల పేర్లు చెప్పే చోట ఏలియామ్మ తర్వాత ఆయన పేరు చేర్చాను. నోరు తిరగక రెండుసార్లు తడబడ్డాను.

"ఆయన ఏ చర్చి సభవాడో కూడా తెలీదు కదే" అని గొణిగాడు అచ్చాయన్.

"మన డ్రైవును ఆయన అడిగాడా, నీది ఏ కంపెనీ అని?"

అచ్చాయన్ కళ్లు మూసుకుని, నాకంటే అధ్వాన్నంగా, ఆ పేరు పలికాడు.